బంకపట్టీ వేసిన గది

మొదటి రోజు

గుండ్రాయీ,

నేల అదిరింది. నిన్న పొద్దుటి షిఫ్టు కూత అయిన కాసేపటికి మొదలై పావుగంట సేపు మోగింది. మన చీమకుర్తి క్వారీలో మందు పేలిస్తే ఒక్క దెబ్బకు అదిరి ఊరుకునేది. ఇక్కడ చంద్రుడి రాయిలో చుక్క నీరు లేదు కదా. ఒకసారి కదిలిందంటే కంచుపళ్ళెం మీద గరిటె తగిలినట్టు మోగుతూనే ఉంటుంది. నేను పొయ్యి ఆపేసి గుమ్మంలో నిలబడి రెండు చేతులా దర్వాజా పట్టుకున్నాను. పై అరలోంచి ఉప్పు డబ్బా దిగి వచ్చింది. ఇక్కడ ఏదీ గబుక్కున పడదు కాబట్టి చెయ్యి చాచి పట్టుకోగలిగాను. కారం డబ్బాను మాత్రం పట్టుకోలేకపోయాను.

అదురు తర్వాత ఏడు రోజులు ఎవరిల్లు వాళ్ళే చూసుకుని ఈ పుస్తకంలో సొంత చేత్తో రాయాలని గోడల ఆఫీసు రూలు. ఏడో రోజు యిర్మియా గారు వచ్చి పుస్తకం తీసుకుపోతారు. ఎవరో ఆఫీసరుకు రాయాలంటే నాకు చెయ్యి సాగదు. నీకైతే రాయగలను. అక్షరాలు నేర్పింది నువ్వే కాబట్టి తప్పులు కూడా నువ్వే సర్దుకోవాలి.

మీ నాన్న మిగిల్చిపోయిన చిన్న సుత్తి తీసి ముందర హాలు మొదలుపెట్టాను. జానెడుకొక దెబ్బ. మంచి రాయి ఖంగుమంటుంది. లోపల చీలిక ఉన్న రాయి జలుబు చేసిన మనిషిలా బొంగురుగా పలుకుతుంది. మన వడ్డెరోళ్ళకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. హాలు బాగుంది. సామాన్ల కొట్టు బాగుంది. వంటింట్లో నీళ్ళ గొట్టం పక్కన రెండు వెంట్రుక చీలికలు కనిపించాయి. రాతిపిండి తడిపి వాటి మీద అడ్డంగా ముగ్గుగీత పెట్టాను. గీత ఎండాక తెగితే చీలిక ఇంకా కదులుతున్నట్టు, తెగకపోతే నిలబడినట్టు. ఈ వరసలో ఆడవాళ్ళందరం ఇలాగే చేస్తాం. ఆఫీసు వాళ్ళ దగ్గర మిషన్లున్నా, వచ్చినప్పుడు ముందు మా గీతలే చూస్తారు.

తర్వాత ఊరందరికీ గాలి పంపే పెద్ద గొట్టం నుంచి మన ఇంటికి వచ్చే కుళాయి కట్టేసి, గంట సేపు గాలి మీటరు ముల్లు చూశాను. ఒక గీత పడింది. ఒక గీతకు భయం లేదు.

నీ గది: తలుపు బయటి నుంచి చూశాను. బాగుంది.

రెండో రోజు

గాలి ముల్లు రెండు గీతలు పడింది.

యిర్మియా గారు వచ్చారు. కనిగిరి ఆయన. నూట నలభై ఇళ్ళ గోడలు ఆయన ఒక్కడి మీదే ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు. వంటింటి చీలికలు చూసి నీళ్ళ గొట్టం చుట్టూ చెయ్యి పెట్టి చూశారు.

"ఇక్కణ్ణించే పోతా ఉండాల. లప్పం పెట్టిస్తా," అన్నారు. తర్వాత హాల్లోకి వచ్చి నీ గది ముందు ఆగారు.

"ఈ తలుపుకి బంకపట్టీ ఏందమ్మా, నాలుగు పక్కలా?"

"మా అమ్మాయి గదండీ."

ఆయనకు తెలుసు. ఆరో నంబరు సొరంగంలో కప్పు కూలినప్పుడు నీతో పాటు ఉన్న నలుగురి ఇళ్ళకూ మన ఇంటికీ కబురు తెచ్చింది ఆయనే. సొరంగం నోరు అట్లాగే మూసేశారని, ఎవరినీ బయటికి తేవడం కుదరదని చెప్పింది కూడా ఆయనే. తల వంచుకుని కాసేపు చేతిలో కాగితాలు సర్దుకున్నారు.

"లోపల గాలి గొట్టం?"

"మూసేశానండీ. ఏడు నెలలైంది."

"ముల్లు నిలబడితే నేనేం అడగను. పడతా ఉంటే మాత్రం అడగాల్సొచ్చిద్ది గురవమ్మా. నా ఉద్యోగం అట్టాంటిది."

ఆరు గీతలు పడితే ఎర్ర ఇల్లు. ఏడో రోజుకు కన్నం ఎక్కడో తేలకపోయినా ఎర్ర ఇల్లే. మనుషుల్ని పెద్ద షెడ్డుకు తరలించి ఇంట్లోకి రాతిగంజి పోస్తారు. ఆ గంజి ఒక పూటలో గడ్డకట్టి రాయి అవుతుంది. ఇల్లున్న చోటు కొండలో కలిసిపోతుంది. ఒక ఇంటికి పోస్తే గోడ పంచుకున్న ఇంటికీ పోయాల్సిందే.

మన గోడకు అవతలి ఇల్లు మస్తాన్‌బీది కదా.

మూడో రోజు

గాలి ముల్లు రెండు గీతలు.

ఇవాళ పిండి వదిలి చూశాను. ఇక్కడ రాతిపిండి చిటికెడు గాల్లో వదిలితే తొందరపడకుండా దిగుతుంది. ఎక్కడైనా గాలి పోతుంటే ఆ పక్కకు వాలుతుంది. పంకా ఆపి, ఊపిరి బిగబట్టి, ప్రతి మూలా చూశాను.

హాలు నాలుగు మూలలు: నిటారుగా దిగింది.
సామాన్ల కొట్టు: నిటారుగా.
వంటింట్లో గొట్టం దగ్గర: కొంచెం వాలినట్టు ఉంది.
నీ గది గుమ్మం: నిటారుగా.

మస్తాన్‌బీ కోడలు కాశింబీ పురుడు పోసుకుని పన్నెండు రోజులు. ఆడపిల్ల. మధ్యాహ్నం చూసి వచ్చాను. నీ బుగ్గల్లాంటి బుగ్గలు. నువ్వు పుట్టినప్పుడు మీ నాన్న నిన్ను ఎత్తుకుని, "ఇదేందే, ఏట్లో దొరికే గుండ్రాయిలా ఉంది" అన్నాడు. ఆ పేరే నిలిచింది. కోటేశ్వరి అని బళ్ళో రాయించినా ఎవరూ పిలవలేదు.

నాలుగో రోజు

గాలి ముల్లు మూడు గీతలు.

యిర్మియా గారు పంపిన మేస్త్రి గొట్టం చుట్టూ లప్పం పెట్టి పోయాడు. పెట్టాక కూడా ముల్లు పడింది. వంటింటి ముగ్గుగీతలు రెండూ తెగలేదు. అంటే ఆ చీలికలు నిలబడిపోయాయి, గాలి పోయేది అక్కణ్ణించి కాదు. మేస్త్రికి అది అర్థం కాలేదు. నేనూ చెప్పలేదు.

మస్తాన్‌బీ గిన్నె తీసుకుని చింతపండు కోసం వచ్చింది.

"వదినా, మా ముల్లు కూడా ఒక గీత పడింది. నీ గాలి నా ఇంట్లోకి కారతందా, నా గాలి నీ ఇంట్లోకా?"

"నీ ఇంట్లోంచి వస్తే బీడీ కంపు కొట్టేది."

"ఆయనగారు బీడీ మానేసి మూడేళ్ళు. నీకింకా కొడతందంటే నీ ముక్కులో ఉంది కన్నం," అని నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆమె ముఖం చిన్నబోయింది. "పిల్ల పాలు పట్టట్లేదొదినా. రెండు గుక్కలు తాగి ఎర్రగా కందిపోయి ఏడస్తంది. దిష్టి తీశా. ఉప్పూ మిరపకాయలూ అన్నీ అయినయి."

"చెవి పట్టుకుని ఏడుస్తుందా?"

"నీకెట్టా తెలుసు?"

మనం ఇక్కడికి వచ్చిన కొత్తల్లో, పెద్ద గొట్టం పాడై గాలి తగ్గినప్పుడు నువ్వూ అట్లాగే ఏడ్చావు. అప్పుడు నీకు నాలుగేళ్ళు. చెవుల్లో ఎవరో వేళ్ళు పెట్టి పొడుస్తున్నారే అమ్మా అన్నావు. పదమూడు రోజుల పిల్ల ఆ మాట కూడా చెప్పుకోలేదు.

"ఊరికే అడిగాను," అని చింతపండు పెట్టి పంపేశాను.

అయిదో రోజు

గాలి ముల్లు నాలుగు గీతలు. మస్తాన్‌బీ ఇంట్లో రెండు.

మూడో రోజు నేను రాసింది అబద్ధం. యిర్మియా గారూ, ఈ పుస్తకం మీ చేతికే వస్తుంది కాబట్టి మీకూ చెబుతున్నాను. నా కూతురి గది గుమ్మం దగ్గర పిండి నిటారుగా దిగలేదు. తలుపు కిందికి వాలింది. ఎవరో లోపలి నుంచి లాక్కున్నట్టు పోయింది. నేల మీద పడ్డ పిండి తుడిచేసి, నిటారుగా అని రాశాను.

ఎందుకు రాశానో నీకు చెప్పాలి గుండ్రాయీ. అందరికీ వాళ్ళ మనుషులు పోతే చూసుకోవడానికి ఒక దిబ్బో ఒక రాయో ఉంటుంది. నీకు అది కూడా లేదు. నువ్వు పనికి పోయేటప్పుడు తలుపు వేసి పోయావు. నేను మళ్ళీ తియ్యలేదు. కబురు వచ్చిన రోజే బంకపట్టీ వేశాను, లోపలికి పోయే గాలి గొట్టం హాల్లోంచే మూసేశాను. ఆ గదిలో గాలి నువ్వు పీల్చి వదిలిన గాలి. రోజూ ఆ తలుపు పక్కనే చాప వేసుకుని, అది అక్కడుంది, నా బిడ్డ ఊపిరి అక్కడుంది అనుకుంటూ పడుకున్నాను. పట్టీ తీస్తే అది ఇంట్లో కలిసి, గొట్టంలోకి పోయి, ఊరందరిదీ అయిపోతుంది. చీలిక నీ గదిలో ఉందంటే తలుపు తియ్యమంటారు. అందుకే రాశాను.

ఇవాళ మనసు ఎక్కడో ఉండి తిరగమోతలో మెంతులు నల్లగా మాడ్చేశాను. ఇల్లంతా చేదు కంపు. పప్పు అట్లాగే వదిలేసి సుత్తి తీసుకుని మస్తాన్‌బీ ఇంటికి పోయాను.

వాళ్ళ వెనకగదికీ నీ గదికీ ఒకటే గోడ. చెవి ఆనించి కొడుతూ పోయాను. అడుగు నుంచి నడుమెత్తు వరకు ఖంగుమంది. ఆ పైన బొంగురు. పైమూల దాకా బొంగురే. మంచం మీద కాశింబీ పిల్లను అటూ ఇటూ మార్చి పాలు పట్టిస్తోంది. పిల్ల తాగదు. ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతోంది. గుప్పిడి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏందత్తా, గోడ ఏమంటంది?" అని కాశింబీ అడిగింది.

బాగుందని చెప్పబోయాను. పిల్ల గుప్పిడి చూసి మానుకున్నాను.

"చీలిక ఉంది. మా ఇంట్లోంచి మీ గోడలోకి వచ్చింది. నాకు మొన్ననే తెలుసు," అన్నాను.

మస్తాన్‌బీ గిన్నె కింద పెట్టింది. నా వైపు తిరిగింది.

"మొన్నంటే? నేను చింతపండుకి వచ్చినప్పటికే తెలుసా?"

"తెలుసు."

"పిల్ల చెవి గురించి నువ్వే అడిగితివి గదే!"

"అడిగాను."

"వదినా అని పిలిచినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాల," అంది. కాశింబీ అత్తను ఊరుకోమంది. ఆమె ఊరుకోలేదు. తిట్టాల్సినవన్నీ తిట్టింది. వాటిలో తప్పేం లేదు కాబట్టి ఇక్కడ రాయడం లేదు. తిట్టడం అయ్యాక కొంగు బిగించి, "పద, ఆఫీసుకి పోదాం. నువ్వొక్కదానివే పోతే దారిలో మళ్ళీ మనసు మార్చుకుంటావు," అంది.

యిర్మియా గారు విన్నారు. కోప్పడలేదు. తల్లీబిడ్డలను అప్పటికప్పుడే పెద్ద షెడ్డుకు పంపించారు. "రేపు పొద్దున్నే తీద్దాం. గాలి ముసుగులు తెస్తా. నేను వచ్చేదాకా నువ్వొక్కదానివే తలుపు ముట్టుకోమాక," అన్నారు.

ముట్టుకోలేదు. పక్కన కూర్చున్నాను, అంతే.

ఆరో రోజు

గాలి ముల్లు అయిదు గీతలు.

యిర్మియా గారు, మస్తాన్‌బీ, నేను. ముగ్గురం ముసుగులు పెట్టుకున్నాం. దగ్గరికి పోయి చూస్తే బంకపట్టీ ఎక్కడికక్కడ సందులోకి గుంటలు పడి ఉంది, దాహమైన మనిషి బుగ్గల్లా. ఏడు నెలలు రోజూ చేత్తో తడిమిన పట్టీ. ఈ గుంటలు అదురు తర్వాత పడ్డవే. నేను చూసి కూడా చూడలేదు.

"లోపల గాలి బాగా పల్చబడింది," అన్నారు ఆయన. "తలుపు ఊరికే రాదు. ముందు చిన్న గాటు పెట్టు. నువ్వే పెట్టు."

కూరగాయల కత్తితో మూల దగ్గర గాటు పెట్టాను. సన్నగా ఈల వేసింది. బయటికి కాదు, లోపలికి. నా కొంగు కొస పోయి ఆ గాటుకు అతుక్కుంది. ఈల మెల్లగా తగ్గి మూలుగులా అయ్యేదాకా ఆగాం. తర్వాత మస్తాన్‌బీ కిందా నేను పైనా పట్టీ లాగేశాం. తలుపు వచ్చింది.

నేను ముసుగు తీసేశాను.

"ఏయ్, గురవమ్మా! ముసుగు!" అని ఆయన అరిచారు.

నీ తలనూనె వాసన వస్తుందనుకున్నాను. నువ్వు నడిపిన రాతిబండి ఇంధనం కంపు అయినా వస్తుందనుకున్నాను. నీ గదినిండా మాడిన మెంతుల వాసన. నిన్న నా వంటింట్లో మాడిన మెంతులు.

అప్పుడు తెలిసింది. నువ్వు వదిలిన గాలి అదురు వచ్చిన రోజే ఆ చీలికలోంచి పోవడం మొదలుపెట్టింది. నాలుగు రోజుల్లో అంతా పోయింది. దాని చోట్లోకి బంకపట్టీ సందుల్లోంచి నా వంటింటి గాలి వచ్చింది. నేను కాపలా కాసిందీ, అబద్ధం రాసిందీ, పసిపిల్ల చెవులు నొప్పెట్టించిందీ నా తిరగమోత గాలి కోసమన్నమాట.

"ఏడవమాక. ముందు ముసుగు పెట్టుకో," అంది మస్తాన్‌బీ. ఆమే పెట్టింది, మెడ వెనక ముడి గట్టిగా బిగించింది. ఇంకా కోపంగానే ఉంది. ముడి చూస్తే తెలుస్తుంది.

గోడ దగ్గర పిండి వదిలాను. వదిలీ వదలకముందే నీ పనిబట్టలు తగిలించిన చిలక్కొయ్యల వైపు పోయింది. బట్టలు తీశాను. వెనక చీలిక. నడుమెత్తు నుంచి పైమూల దాకా, మేకు పట్టేంత వెడల్పు. యిర్మియా గారు తల పట్టుకున్నారు.

"ఇది పాకే చీలికైతే నేనేం చేయలేనమ్మా. రెండిళ్ళకీ గంజే. ఎంత పాకిందో, ఎప్పుడు మొదలైందో తెలవకుండా నేను సంతకం పెట్టలేను."

అప్పుడు మస్తాన్‌బీ దీపం దగ్గరగా తెచ్చింది. "ఇదేంది, ఇక్కడ ఏదో రాసుందే?"

పెన్సిలు రాత, నీ రాత. చీలిక కింది కొస దగ్గర అడ్డంగా ఒక గీత. పై కొస దగ్గర ఇంకో గీత. పక్కనే వరసగా తారీకులు.

ఫిబ్రవరి 3, వెంట్రుక మందం.
10, అంతే.
17, అంతే.
24, అంతే. అమ్మకి చెప్పకూడదు. నిద్రపోదు.

నేను సుత్తి పట్టుకుని ఊరి గోడలన్నీ కొడుతూ తిరుగుతుంటే నువ్వు నవ్వేదానివి. "అమ్మా, నీకు గోడలతో తప్ప మనుషులతో మాటల్లేవా" అనేదానివి. వారం వారం నువ్వు కూడా ఒక గోడతో మాట్లాడుతున్నావని నాకు చెప్పలేదు. 25న నువ్వు పనికి పోయి తిరిగి రాలేదు.

యిర్మియా గారు మోకాళ్ళ మీద కూర్చుని కింది గీత దగ్గర వేలు పెట్టి కొలిచారు. తర్వాత మంచమెక్కి పై గీత కొలిచారు. రెండుసార్లు కొలిచారు.

"రెండు కొసలూ ఆ పిల్ల పెట్టిన గీతల లోపలే ఉండాయి," అన్నారు. "అదురుకి వెడల్పైంది గానీ ఇంచి కూడా పాకలేదు. పాకని చీలికని కుట్టొచ్చు."

"కుడితే ఇల్లు ఉంటదా?" అని మస్తాన్‌బీ అడిగింది.

"కుట్టి, ముగ్గుగీత పెట్టి, రేపటికి ఆ గీత తెగకుండా ఉంటే ఉంటది. రెండిళ్ళూ ఉంటయి."

మేస్త్రులు వచ్చి అడ్డంగా పదకొండు ఇనుప బద్దలు దిగ్గొట్టి లప్పం నింపారు. పెన్సిలు రాత మీద పడకుండా చూడమని చెప్పాను. చూశారు. పని అయ్యాక లప్పం మీద అడ్డంగా ముగ్గుగీత నేనే పెట్టాను. కొంచెం వంకర పోయింది. మస్తాన్‌బీ చూసి, "ఇదేం గీత, పామా?" అంది. నిన్నటి నుంచి ఆమె నాతో ఆడిన మొదటి మంచి మాట అదే.

ఏడో రోజు

కుళాయి కట్టేసి గంట సేపు కూర్చున్నాను. గాలి ముల్లు పడలేదు. మస్తాన్‌బీ ఇంట్లోనూ పడలేదు.

ముగ్గుగీత తెగలేదు. వంకరగానే ఉంది, కానీ తెగలేదు.

హాలు బాగుంది. సామాన్ల కొట్టు బాగుంది. వంటింటి చీలికలు నిలబడ్డాయి. నీ గది గోడ కుట్టాం, బాగుంది. ఈసారి నిజంగానే తలుపు తీసి, లోపలికి పోయి, సుత్తితో కొట్టి చూసి రాస్తున్నాను. గాలి గొట్టం మూత కూడా తీశాను. ఇప్పుడు ఆ గదిలోకి ఊరందరి గాలీ వస్తుంది.

కాశింబీని పొద్దున తీసుకొచ్చారు. గోడ బాగా ఆరేదాకా ఆ పక్కన వద్దన్నారు కాబట్టి నాలుగు రోజులు మన హాల్లోనే ఉంటారు. పిల్ల చెవి మీద చెయ్యి తీసింది. ఇవాళ పాలు రెండు పక్కలా తాగి, తాగుతూనే నిద్రపోయింది. మస్తాన్‌బీ నా పొయ్యి దగ్గర చేరి, "మెంతులు నన్ను వేయించనీ. నీ చేతికి ఇయ్యను," అని గరిటె లాక్కుంది. ఇంకా వదినా అని పిలవలేదు. పిలిచినప్పుడు పిలుస్తుంది.

ఒక్కటి రాయాల్సింది మిగిలింది. ఆ రోజు పొద్దున నేను సజ్జరొట్టె, పొన్నగంటి వేపుడు చేశాను. నీకు ఆలస్యమైంది. బూట్లు వేసుకుంటూ, వచ్చాక తింటానే అన్నావు. అంతకు ముందురోజు ఏదో మాటామాటా అనుకున్నాం, ఏమిటో ఇప్పుడు గుర్తు కూడా లేదు. ఆ కోపంలో, "తింటే తిను, లేకపోతే మాను" అన్నాను. నీతో నేను అన్న ఆఖరి మాట అది. నువ్వు నీ గది తలుపు వేసి పోయావు. రొట్టె సాయంత్రం దాకా మూత కిందే ఉంది. ఏడు నెలలుగా నేను ఎవరికీ చెప్పలేదు. గోడకు కూడా చెప్పలేదు.

నీకు చెప్పడానికి ఇప్పుడు ఆలస్యమైంది గుండ్రాయీ. కాబట్టి ఈ పుస్తకం తీసుకుపోయే ఆయనకు చెబుతున్నాను.

యిర్మియా గారూ, ఏడు రోజుల్లో మీరు మా ఇంటికి రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ పెడతానన్నాను, రెండుసార్లూ తర్వాత తింటాలే అన్నారు. ఇవాళ కూడా ఇంకా తిరగాల్సిన ఇళ్ళున్నాయని నాకు తెలుసు. గోడలు ఎక్కడికీ పోవు. పుస్తకంతో పాటు డబ్బాలో రెండు రొట్టెలు, వేపుడు పెట్టాను. మీరైనా, మీ తర్వాత ఇది చదివేవాళ్ళు ఎవరైనా, చదవడం ఆపి ముందు కూర్చోండి. కడుపునిండా తినండి.